శబ్దముతో చూచు విద్య

స్కానింగు అను మాట నెఱుగని యిల్లు నేడు మన కోనసీమలో లేదు. గర్భిణియైన కోడలినో కూతురినో వెంటబెట్టుకొని అమలాపురమునకో, రాజోలునకో, కొత్తపేటకో పోవుట, చల్లని జిగురు పూసి పొట్టపై నొక చిన్న పరికరమును త్రిప్పుచుండగా తెరమీద బూడిదవన్నె నీడలు కదలుట, గోడమీద లింగనిర్ధారణ చేయబడదను ప్రకటన వ్రేలాడుట మనకందఱకు నెఱుకయే. ఆ ప్రకటన వెనుక 1994వ సంవత్సరపు చట్టమొకటియు, ఆ చట్టమునకు కారణమైన ఆడుశిశువుల యుసురును గలవు. అది వేఱొక వ్యాసమున వ్రాయదగిన కథ. ఆ పరికరమే కొద్దిపాటి మార్పులతో, తల తెఱచి మెదడులోని కణితిని తీయు శస్త్రవైద్యుని చేతికిని వచ్చినది. అచ్చట నది చెప్పు మాటను ఎంతవఱకు నమ్మవచ్చును? ఎచ్చట నమ్మరాదు? ఇది వైద్యులకు మాత్రమే చెందిన ప్రశ్న యని మనము త్రోసివేయరాదు. శస్త్రచికిత్స గది బయట గోడ కానుకొని గంటలకొలది కూర్చుండువారము మనమే గదా.

మన దేశమున మెదడు శస్త్రచికిత్స 1949లో వెల్లూరున డాక్టరు జేకబ్ చాందీగారి చేతను, 1950లో మదరాసున డాక్టరు బి. రామమూర్తిగారి చేతను పాదుకొనినది. నేడు మనకంత దూరము పోవలసిన పనిలేదు. ఎదుర్లంక వంతెన దాటినచో యానాము, ఆవల కాకినాడ. 2024 సెప్టెంబరులో కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వైద్యులు 55 ఏండ్ల యొక స్త్రీని మెలకువగా నుంచి, అదుర్స్ అను చలనచిత్రములోని హాస్యఘట్టములు చూపుచు, ఆమె మెదడులోని కణితిని తీసిరి. పత్రికలు దీనిని వింతగా వ్రాసినవి. సినిమా చూపుట వినోదమునకు గాదు. కత్తి పోవుచున్న చోట మాట తడబడుచున్నదా, కాలుసేతులు సడలుచున్నవా యని క్షణక్షణమును కనిపెట్టుటకు రోగి మెలకువగా నుండవలెను. అనగా రోగియే కావలి. ఆ కావలి మంచి మెదడును కాపాడును. కాని కణితి యింకను ఎంత మిగిలినది, ఏ ప్రక్కకు ప్రాకినది యను సంగతి రోగి చెప్పజాలదు. దానికి వేఱొక సాక్షి కావలెను.

కణితిని తీయుటకు ముందు ఎమ్మారై యంత్రముతో తలలోపలి చిత్రములు తీయుదురు. అంతకు మించిన స్పష్టమైన చిత్రము మఱొకటి లేదు. ఆ చిత్రములను కంప్యూటరున కెక్కించి, వైద్యుని చేతిలోని పనిముట్టు కొన ఏ క్షణమున మెదడులో ఎచ్చట నున్నదో తెరమీద చూపు ఏర్పాటొకటి గలదు. న్యూరోనావిగేషను అని దాని పేరు. చేతిఫోనులో దారి చూపు పటము వంటిదే. ఇన్ని యుండగా మరల శబ్దముతో పని యేమి?

మెదడు కొబ్బరికాయలోని ముదురు కొబ్బరివలె చిప్పకు గట్టిగా నంటుకొని యుండునది కాదు. మిక్కిలి మెత్తనిది, తన చుట్టునున్న నీటిలో తేలుచుండునది. పుఱ్ఱెయెముకను కోసి, లోని పొరను చీల్చగనే ఆ నీరు కొంత కాఱిపోవును. నీరు తగ్గగా మెదడు తన బరువునకు తానే క్రుంగును. కణితిని తీసినకొలది ఆ చోటు పూడుకొనివచ్చును. ఒక్కొక్కప్పుడు వాపుచేత పైకి ఉబుకుటయు గలదు. ఇట్లు స్థానము మాఱుట ఒక సెంటీమీటరు వఱకును, అప్పుడప్పుడు దానికి మించియు నుండును. సెంటీమీటరనగా మన చిటికెనవ్రేలి వెడల్పంత. పొలముగట్టున నది లెక్కలోనిది కాదు. మెదడులో మాటను నడపు చోటికిని, కుడిచేతిని కదపు చోటికిని నడుమ నున్న యెడమును తలచినచో అది మిక్కిలి పెద్ద దూరము.

గోదావరి గట్టున పుట్టినవారికి దీనిని వేఱుగా బోధింప నక్కఱలేదు. వరదకు ముందు గీచిన లంక పటము వరద తీసిన పిదప పనికిరాదు. ఒకచోటి ఇసుకతిన్నె కరగిపోయి మఱియొకచోట మేట వేయును. పడవవాడు పటమును నమ్మక గడను దింపి చూచును. ఎమ్మారై చిత్రము వరదకు ముందటి పటము. అల్ట్రాసౌండు ఇప్పటి నీటిలో దింపిన గడ. దాని గొప్పతనమంతయు ఈ "ఇప్పటి" యను మాటలోనే యున్నది.

ఈ విద్య పుట్టుకను గూర్చి కొంచెము చెప్పెదను. 1880లో ఫ్రాన్సుదేశమున జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ అను సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. ఈ పియేర్‌గారే తరువాత మేరీ క్యూరీకి భర్త యైనవాడు. ఆ స్ఫటికములకు విద్యుత్తు నిచ్చినచో అవి వణకి ధ్వని పుట్టించునని పిదప తేలెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున పాల్ లాంజెవాన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని ఆధారము చేసికొని, సముద్రములో దాగిన జలాంతర్గాములను ప్రతిధ్వనిచేత పసికట్టు సాధనమును రూపొందించెను. మనము సోనారు అనునది ఆ వంశమునదే. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నము మండలములోని కచ్చులూరు కడ రాయల్ వశిష్ఠ అను పడవ మునిగి ఎన్నో కుటుంబములు దుఃఖముపాలైనప్పుడు, ఆ సుడుల లోతున పడవ ఎచ్చట నున్నదో వెదకుటకు సోనారు యంత్రములనే తెచ్చిరి. దానిని అక్టోబరు 22న పైకి లాగినవారు మాత్రము కాకినాడ ధర్మాడి సత్యముగారి బృందము, లంగరులతోను త్రాళ్ళతోను. చోటును చూపుట శబ్దమునకు చేతనగును గాని, తీయు పని చేతులదే.

నీటిలో ఇంత చక్కగా నడచు శబ్దము ఎముక యొద్ద ఓడిపోవును. 1942లో ఆస్ట్రియాదేశపు వైద్యుడు కార్ల్ డుస్సిక్ తలకొక ప్రక్కనుండి ధ్వనిని పంపి రెండవ ప్రక్కన గ్రహించి, మెదడులోని నీటి అఱల బొమ్మ దొరకినదని ప్రకటించెను. పది పండ్రెండేండ్లలోనే అందులో పెద్దభాగము పుఱ్ఱెయెముక కల్పించిన మాయ యని ఇతరులు తేల్చిరి. మన పసిబిడ్డల మాడు సంగతి మీకు తెలిసినదే. ఆముదము అద్దునప్పుడు చేతిక్రింద మెత్తగా కొట్టుకొనుచుండును. అచ్చట ఎముక యింకను కూడలేదు గనుక, ఏడాదిన్నర లోపల మాడు మూసికొనువఱకు, ఆ కిటికీగుండ శబ్దమును పంపి బిడ్డ మెదడును చూడవచ్చును. పెద్దవారికి అట్టి కిటికీ లేదు. శస్త్రవైద్యుడు ఎముకను తీసినప్పుడే అది తెఱవబడును. కావుననే 1980 ప్రాంతమున, కదలు చిత్రమును అప్పటికప్పుడు చూపు యంత్రములు వచ్చిన పిదప, ఈ విద్య మెదడు శస్త్రచికిత్స గదిలో స్థిరపడినది.

యంత్రము చేయు లెక్క మిక్కిలి సులువైనది. శబ్దమును పంపి, ప్రతిధ్వని తిరిగివచ్చుటకు పట్టిన కాలమును కొలచును. మన చెవి వినగలది సెకనుకు 20,000 కంపనముల లోపలి ధ్వని. మెదడుమీద వాడునది సెకనుకు 50 లక్షలు మొదలు కోటికి పైబడిన కంపనములు గలది. మెత్తని శరీరభాగములలో ధ్వని సెకనుకు 1540 మీటర్లు పోవునని యంత్రమునకు ముందే నేర్పియుంతురు. రెండు సెంటీమీటర్ల లోతునుండి ప్రతిధ్వని వచ్చుటకు సెకనును పది లక్షల పాళ్ళు చేసినచో అందు 26 పాళ్ళు పట్టును. ఆ 26 పాళ్ళను రెండు సెంటీమీటర్లుగా తెరమీద వ్రాయును. కంపనములెంత హెచ్చినచో చిత్రమంత సన్నముగా వచ్చును, కాని అంత లోతునకు పోజాలదు.

ఆ 1540ని యంత్రము గ్రుడ్డిగా నమ్మును. కణితి తీసిన గోతిలో వైద్యులు ఉప్పునీటిని నింపుదురు, గాలియున్నచో శబ్దము ముందునకు పోదు గనుక. చల్లని గదిలోని ఆ నీటిలో శబ్దవేగము సుమారు 1500 మీటర్లే. అందుచేత ఐదు సెంటీమీటర్ల నీటిమట్టమునకు అడుగున నున్న వస్తువు ఉండవలసినదానికంటె ఒక మిల్లీమీటరు పైచిలుకు లోతుగా కనబడును. ఇది చిన్న పొరపాటే. చోటు చెప్పుటలో అల్ట్రాసౌండు నిజముగా నమ్మదగినది. చిక్కు వేఱొకచోట నున్నది.

దశరథుని శబ్దవేధి కథ మనమందఱము విన్నదే. సరయూతీరమున చీకటిలో నీటిచప్పుడు విని, ఏనుగు త్రాగుచున్నదని యెంచి బాణము వేసెను. ఆ బాణము గుఱి తప్పలేదు సుమా! చప్పుడు పుట్టిన చోటనే నాటినది. తప్పినది ఆ చప్పుడు దేనిదను నిర్ణయము. కడవ ముంచుచున్న మునికుమారుడు కూలెను. ఖచ్చితత్వమను మాటలో మనము రెండు సంగతులను కలిపివేయుచుందుము. చోటు చెప్పుట యొకటి, వస్తువును గుర్తించుట యొకటి. మెదడులో నొక తెల్లని మచ్చ ఇచ్చట నున్నదని యంత్రము చెప్పినప్పుడు మచ్చ అచ్చటనే యుండును. అది కణితియా, వాపా, గడ్డకట్టిన నెత్తురా యనునది మునికుమారుని ప్రశ్న.

నార్వేదేశమున ట్రోండ్‌హైం పట్టణపు వైద్యులు ఈ విద్యలో చాలకాలమునుండి పేరు పొందినవారు. వారు గ్లయోబ్లాస్టోమా యను మిక్కిలి చెడ్డ కణితిని తీయుచు, చికిత్స మొదట, నడుమ, తుదిని యంత్రము చూపిన చోట్లనుండి చిన్న ముక్కలు తీసి, సూక్ష్మదర్శినిక్రింద పరీక్షింపించి, యంత్రము చెప్పినదానితో సరిపోల్చిరి. 2008లో ప్రకటించిన ఆ లెక్కలు చూడదగినవి. అర్థము చేసికొనుటకు చేటలో బియ్యము ఏరుటను తలచుకొనుడు. నూఱు రాళ్ళున్నచో వానిలో నెన్ని కంటబడినవి యనునది ఒక లెక్క. నూఱు మంచి గింజలున్నచో వానిలో నెన్నింటిని రాయి యని భ్రమపడక విడిచితిమి యనునది రెండవ లెక్క. రెండును సరిగా నున్నప్పుడే ఏరినవారి కన్ను మంచిది.

కత్తి పెట్టక పూర్వము యంత్రము నూటికి 95 రాళ్ళను పట్టినది, నూటికి 95 గింజలను విడిచినది. ఇంతకంటె ఏమి కావలెను? కణితిని తీయుచున్న నడుమ నూటికి 87 రాళ్ళను పట్టినదిగాని, మంచి గింజలలో 42 మాత్రమే మంచివని చెప్పగలిగినది. తక్కినవానిని రాళ్ళే యన్నది. అంతయు ముగిసిన పిదప గోతి అంచులను చూచునప్పుడు మంచి గింజల విషయమున 88కి కోలుకొన్నది. కాని మిగిలిన రాళ్ళలో నూటికి 26 మాత్రమే దానికి కనబడినవి.

ఈ తుది అంకెను చదివినప్పుడు నాకు కొంతసేపు మనసు నిలువలేదు. మొదట, అనగా కణితి ఎచ్చటనున్నదో ఎమ్మారై వలన ఎట్లును తెలిసియున్నప్పుడు, ఈ సాక్షి చక్కగా పలుకును. తుదిని, ఏమైన మిగిలినదా యని మనము నిజముగా నడుగునప్పుడు, గొంతు తగ్గించును. న్యాయముగా నింకొక మాట చెప్పవలెను. గోతి అంచున మిగులునది ముద్దగా నుండదు. మంచి మెదడు కణముల నడుమ అచ్చటచ్చట చెదరిన కణములు మాత్రమే. బియ్యపు నూకలో కలిసిన ఇసుకవంటిది. దానిని ఏ కన్నును సులభముగా చూడలేదు.

చిత్రము చెడుటకు కారణములు కూడ తెలిసినవే. కోసిన చోట నెత్తురు చేరును, అది తెల్లగా కనబడును. నెత్తురు నాపుటకు పెట్టిన దూదివంటి పదార్థమును తెల్లగా కనబడును. కణితిచుట్టునున్న వాపును దానినే పోలియుండును. అన్నిటికంటె మాయలాడి గోతిలోని ఉప్పునీరు. మెదడుగుండ పోవు శబ్దము దారిలో క్షీణించును. యంత్రము ఆ క్షీణతను ముందే లెక్కగట్టి, లోతునుండి వచ్చు ప్రతిధ్వనిని పెంచి చూపును. నీటిగుండ పోయిన శబ్దము అట్లు క్షీణింపదు. ఐనను యంత్రము దానినిని పెంచును. అందుచే గోతి అడుగున నొక మెఱయు అంచు పుట్టును. అచ్చము మిగిలిన కణితివలెనే యుండును! దానిని నమ్మి కోసినచో కోసినది మంచి మెదడు. మెదడువలెనే శబ్దమును పీల్చుకొను ద్రవమును ఉప్పునీటికి బదులు నింపు ప్రయత్నములు ట్రోండ్‌హైంలోనే జరిగినవి. గోతిలోనికే దింపదగిన చిన్న పరికరములను చేసి, నీటి దారిని తగ్గించుటయు నొక యుపాయము.

ఇన్ని లోపములు చెప్పితిని గదా, ఐనచో దీనివలన ప్రయోజనము లేదా యందురేమో. ఉన్నది. హాలెండుదేశమున రోటర్‌డాంలో గ్లయోబ్లాస్టోమా రోగులను చీటీ వేసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు అల్ట్రాసౌండుతోను, రెండవ జట్టుకు అది లేకయు చికిత్స చేసిరి. 2021లో ప్రకటించిన ఫలితములలో 47 మంది లెక్కకు వచ్చిరి. కనబడు కణితి పూర్తిగా తీయబడినది మొదటి జట్టులో నూటికి 35 మందికి, రెండవ జట్టులో 8 మందికి. కాలుసేతులు పడిపోవుట మొదలగు నష్టములు మొదటి జట్టులో హెచ్చలేదు. ఐతే బ్రదికిన కాలములో ఈ రెండు జట్లకు చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. ఈ తుదిమాటను విడిచి మొదటి మాటను మాత్రము చెప్పుట మోసమగును. జట్లు చిన్నవి, వ్యాధి క్రూరమైనది.

వేఱు సాధనములును లేకపోలేదు. రోగికి ముందుగా నొక మందును త్రాగించి, నీలివెలుతురులో కణితి గులాబివన్నెగా మెఱయునట్లు చేయు పద్ధతి జర్మనీలో పరీక్షకు వచ్చినది. 2006లో వెలువడిన దాని లెక్క నూటికి 65, అది లేనిచో 36. అది పైపైన నున్నదానిని చూపును గాని, నెత్తురుక్రింద, మెదడుక్రింద దాగినదానిని చూపదు. శస్త్రచికిత్స గదిలోనే ఎమ్మారై యంత్రమును నిలుపుట అన్నిటికంటె మేలైనదందురు. దానికి కోట్ల రూపాయలు, ఇనుము సోకని ప్రత్యేకమైన గది, నడుమ గంటలకొలది నిరీక్షణము కావలెను. ముంబైలోని టాటా మెమోరియల్ సెంటరు వైద్యులు అల్ట్రాసౌండును విశేషముగా వాడి, మనవంటి దేశమునకు తక్కువ వ్యయముతో దొరకు సాధనమిది యని వైద్యపత్రికలలో వ్రాసిరి. నా యభిప్రాయమును అదే. జిల్లా ఆసుపత్రులకు కోట్ల యంత్రము వచ్చువఱకు రోగులు ఆగలేరు. ఐతే యంత్రము కొన్నంతమాత్రమున చాలదు. నెత్తురు మెఱపును కణితి మెఱపును వేఱుచేయు కన్ను పదులకొలది చికిత్సలు చూచినపిదప గాని రాదు. కొత్తకోడలికి మొదటిదినముననే పాకము కుదురునా?

అన్ని కణితులును గ్లయోబ్లాస్టోమాలు కావనికూడ చెప్పవలెను. మెదడు పైపొరనుండి పుట్టు మెనింజియోమా యనునది పురుషులకంటె స్త్రీలకు సుమారు రెండింతలుగా వచ్చును. అది చాలవఱకు క్రూరమైనది కాదు. దాని అంచులును, ఇతర అవయవముల కాన్సరు మెదడునకు ప్రాకి ఏర్పడిన గడ్డల అంచులును తరచుగా తీర్చినట్లుండును గనుక, అల్ట్రాసౌండు మాట అచ్చట ఎక్కువ నమ్మదగినది. ఏ జాతి కణితి యని తెలియక యంత్రము మంచిదా చెడ్డదా యని వాదించుట వ్యర్థము.

మా బంధువులలో కొత్తపేట ప్రాంతపు టిల్లాలొకతె నెలలకొలది తెల్లవాఱుజామున తలనొప్పితో లేచి వాంతి చేసికొనుచుండెడిది. పైత్యమని శొంఠిపట్టు వేసిరి. తలనొప్పులలో నెక్కువభాగము కణితివలన వచ్చునవి కావు, నిజమే. కాని వేకువ నొప్పితో వాంతి, కొత్తగా వచ్చిన మూర్ఛ, చూపు మందగించుట, ఒక ప్రక్క చేయి బలహీనపడుట, మాట వెదకుకొనుట ఇవి కనబడినప్పుడు శొంఠిని నమ్మి కూర్చుండరాదు. ఒకనాడు మూర్ఛ వచ్చిన పిమ్మట ఆమెను దూరపు పట్టణమునకు తీసికొనిపోయిరి. ఆఱుగంటల శస్త్రచికిత్స జరిగినది. వైద్యుడు బయటికి రాగానే ఆమె భర్త, "అంతయు వచ్చివేసినదా అండీ?" యని యడిగెను. "తెరమీద నాకు కనబడినంతయు తీసితిని. మిగిలినదో లేదో ఎల్లుండి ఎమ్మారై చూడక చెప్పజాలను" అని యతడనెను. ఇంటివారికి కోపము వచ్చినది. ఇంత సొమ్ము పోసినను సూటిగా చెప్పడేమని మఱది గొణిగెను. నేను ఆ లెక్కలన్నియు చదివిన పిదప, ఆ వైద్యుడు చెప్పినదానికంటె సూటియైన సమాధానము లేదని నాకు తోచినది. ఏమియు మిగులలేదని యప్పుడే చెప్పువాడు, 26కును 100కును నడుమనున్న చీకటిని దాచినవాడగును.

చికిత్స జరిగిన 72 గంటలలోపల తీయు ఎమ్మారై, శస్త్రచికిత్సవలన వచ్చు మార్పులు ముదరకమునుపే మిగిలినదానిని చూపును. కావున దానిని ఖర్చునకు వెఱచి వాయిదా వేయరాదు. ముందుగానే వైద్యుని అడుగదగిన మాటలును గలవు. కణితి ఏ జాతిదని ఊహించుచున్నారు, చికిత్స నడుమ చూచుటకు ఏ సాధనమున్నది, దానితో మీరెన్ని చికిత్సలు చేసితిరి, పూర్తిగా తీయుటకును మాట నిలుపుటకును పోటీ వచ్చినచో దేనికి మొగ్గెదరు? ఈ తుదిప్రశ్నకు రోగి తానే సమాధానము చెప్పదగినది. ఆమెను మంచముమీద నుంచి మగవారు వరండాలో తేల్చుట మన యిండ్లలో నేటికిని చూచుచున్నాను. మెలకువలో నున్నంతవఱకు ఆ తల ఆమెదే.

తీసిన ముక్కను పరీక్షించిన నివేదిక వచ్చుటకు మఱికొన్ని దినములు పట్టును. శబ్దము పలుకలేని మాటను, అనగా అది ఏమి వస్తువు అనుదానిని, ఆ కాగితమే చెప్పును. దానిని, ముందు తీసిన ఎమ్మారై, తరువాత తీసిన ఎమ్మారై పళ్ళెములను ఒక సంచిలో వేసి, పట్టుచీరల పెట్టెలోనైన సరే, పదిలముగా నుంచుడు. రేడియేషనుకు పోయినను, మఱియొక వైద్యుని చూపించుకొన్నను, వారు మొదట చేయి చాచి అడుగునవి అవియే.